మనసు కంప్యూటర్ ప్రోగ్రామ్ లాంటిదేనా? మీ అనుభవాలు చెప్పండి

నిద్రలేని_కోడర్:
పదకొండేళ్లుగా కోడ్ రాస్తున్నా. మొన్న సెలవు రోజున బ్యాంకు పనికని బయల్దేరి, ఏదో ఆలోచిస్తూ బండి తిన్నగా తీసుకెళ్లి ఆఫీసు గేటు ముందు ఆపాను. ఎడమ పక్కకు తిరగాల్సిన చోట తిరగలేదని కూడా నాకు తెలియలేదు. పాత స్క్రిప్టు దానంతటదే రన్ అయినట్టే కదా? మెదడు హార్డ్‌వేర్, మనసు సాఫ్ట్‌వేర్ అంటారే, అది నిజమేననిపిస్తోంది. మీకూ ఇలాంటివి జరిగాయా?

లెక్కల_మాస్టారు:
అలవాటు పనుల వరకు ఆ పోలిక బాగానే కుదురుతుంది బాబూ. 1936లో ట్యూరింగ్ అనే గణిత శాస్త్రవేత్త లెక్క కట్టడమంటే ఏమిటో ఒక ఊహా యంత్రంతో చూపించాడు, 1943లో మెకల్లక్, పిట్స్ అనే ఇద్దరు న్యూరాన్లను, అంటే మెదడులోని నాడీకణాలను, అవును–కాదు స్విచ్‌ల్లా రాసి చూపారు. 1960ల్లో హిలరీ పుట్నం అనే తత్వవేత్త ఇంకాస్త ముందుకెళ్లి, ఒకే ప్రోగ్రామ్ వేరువేరు మెషీన్ల మీద నడిచినట్టు ఒకే మనోస్థితి వేరువేరు శరీరాల్లో ఉండొచ్చన్నాడు. తమాషా ఏంటంటే తర్వాత ఆయనే దాన్ని తప్పుబట్టాడు. సొంత సిద్ధాంతాన్ని అలా వదులుకోవడానికి గుండె ధైర్యం కావాలి.

చిన్నక్క:
అలవాట్ల సంగతేమో గానీ, జ్ఞాపకాల దగ్గర నాకీ పోలిక అస్సలు నచ్చదు. చిన్నప్పుడు నా వేలు తలుపు సందులో నలిగిందని నాకు బాగా గుర్తు, ఆ నొప్పి, గోరు నల్లబడటం, అమ్మ తడిగుడ్డ చుట్టడం అన్నీ. పోయినేడాది మాటల్లో చెబితే మా అక్క పగలబడి నవ్వి, తన కుడి చూపుడువేలు నా కళ్ల ముందు పెట్టింది. గోరు మధ్యలో గీత పడి వంకరగా పెరిగింది. నా పదివేళ్లూ తిప్పి తిప్పి చూసుకున్నాను, ఎక్కడా ఏమీ లేదు! అది అక్క కథ. వినీ వినీ నాదైపోయింది. ఇప్పటికీ తలచుకుంటే నా వేలే సలుపుతుంది. ఏ ఫైలైనా ఇలా ఓనర్ని మార్చుకుంటుందా?

నిద్రలేని_కోడర్:
చేతగాని డెవలపర్ రాస్తే మార్చుకుంటుంది అక్కా 😀

లెక్కల_మాస్టారు:
నవ్వుతాం గానీ, ఆమె చెప్పింది చాలా పెద్ద విషయం. 1974లో లాఫ్టస్, పామర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకు కార్ల ప్రమాదం వీడియో చూపించి, కొందరిని "కార్లు తగిలినప్పుడు" వేగం ఎంత అని, కొందరిని "బలంగా గుద్దుకున్నప్పుడు" ఎంత అని అడిగారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే, గుద్దుకున్నాయని విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, తగిలాయని విన్న 50 మందిలో 7 మందే. అసలు వీడియోలో పగిలిన అద్దమే లేదు. హార్డ్ డిస్కులో ఫైలుని ఎలా అడిగినా అదే ఇస్తుంది. మనం మాత్రం అడిగిన తీరును బట్టి గుర్తు చేసుకుంటాం.

ఫిజియో_పని:
నా పనిలో చూసింది చెబుతాను. స్ట్రోక్ వచ్చినవాళ్లతో చొక్కా గుండీ పెట్టించడం ప్రాక్టీసు చేయిస్తాం. మొదటి వారం వేళ్లు గుండీని పట్టుకోనే లేవు, చెమటలు పట్టేస్తాయి, కొందరు ఏడ్చేస్తారు. రోజూ అదే పని, అదే గుండీ. నెలల తర్వాత కొందరికి పెట్టడం వచ్చేస్తుంది, ఎందుకంటే మెదడులో మిగిలిన భాగాల కనెక్షన్లు మారి ఆ పనిని కొంతవరకు అందుకుంటాయి. ప్రోగ్రామ్ ఎన్నిసార్లు నడిపినా మీ లాప్‌టాప్ లోపలి వైర్లు మారవు కదా? ఇక్కడ మారేది అవే. అందుకే హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ అని రెండుగా విడదీస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

మొండివాదం:
అయినా నేనొప్పుకోను. తన వైర్లు తానే మార్చుకునే మెషీన్ కూడా మెషీనే. ఇప్పుడున్న కంప్యూటర్లతో పోల్చి కాదనేస్తున్నారు మీరు.

ఫిజియో_పని:
సరే, అప్పుడు కంప్యూటర్ అన్న మాటకి అర్థం సాగదీస్తున్నారు. అలా సాగదీస్తే కాదనడానికి ఏం మిగులుతుంది?

నిద్రలేని_కోడర్:
గుండీ సంగతి చదివాక నా పోలిక కాస్త కదిలింది, నిజం చెప్తున్నా. అలవాట్లకు మాత్రం ఉంచుకుంటాను. ఇంతకీ ఆ రోజు సగం చెప్పి ఆపేశాను, ఆఫీసుకు సెలవైనా గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్ను చూడగానే సెల్యూట్ కొట్టి గేటు బార్లా తీసేశాడు. ఇద్దరం ఒక నిమిషం అలా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.