క్రెస్టెడ్ గెకో పెట్టె అడుగున నీళ్లు, మురుగు వాసన. ఏం చేయాలి?

నమస్కారమండీ. మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి పోరు పడలేక రెండేళ్ల కిందట క్రెస్టెడ్ గెకోని తెచ్చాం. న్యూ కాలెడోనియా చెట్లబల్లి. "బల్లిని పెంచుకోవడమేంట్రా, మీద పడితే తలస్నానం చెయ్యాలి" అని మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో తిడుతుంది.

గాజుపెట్టె 18 అంగుళాల పొడవు, అంతే వెడల్పు, 24 ఎత్తు. అడుగున నీళ్లు దిగడానికి మట్టిగుళికలు, పైన జాలీ, కొబ్బరిపొట్టు కలిపిన మట్టి, మనీప్లాంట్, ఓ బ్రొమీలియాడ్ (అనాస కుటుంబం మొక్క). రెండుపూటలా నీళ్లు చిలకరిస్తాం. వేడి 25 డిగ్రీలు దాటనివ్వం. తేమే 85 శాతం నుంచి దిగట్లేదు. గుళికలు మునిగిపోయాయి. నిన్న మట్టిలో వేలు గుచ్చి చూస్తే మురుక్కాలవ వాసన! మనీప్లాంట్ కింది ఆకులు పండిపోతున్నాయి.

అసలు దిగులు వేరే. కొమ్మలన్నీ కిందే ఉండి పైభాగం బోసిగా ఉంది. గెకో పగలంతా గాజుకి తలకిందులుగా అతుక్కుని, తోక వీపు మీదికి వేలాడేసుకుని నిద్రపోతోంది. అలాగే అలవాటైతే నడుము ఎముక వంకరపోతుందంటున్నారు.

మట్టంతా మార్చాలా, సన్నటి గొట్టంతో నీళ్లు లాగేస్తే చాలా? స్ప్రింగ్‌టెయిల్స్ (మట్టిలో బూజు తినే చిట్టి పురుగులు) ఇప్పుడే వదలొచ్చా? కార్కు బెరడుని గాజుకి సిలికాన్‌తో అతికిస్తే, గెకోని మళ్లీ లోపల పెట్టడానికి ఎన్నాళ్లు ఆగాలి? పైదాకా తీగ పాకించినవాళ్లుంటే ఒక ఫొటో పెట్టండి, ప్లీజ్.