క్రిస్మస్‌కి ఊరికి పోవాల్సిందేనా, ఉన్నచోట చేసుకుంటే పండగ కాదా?

కందుకూరోడు:
మా ఇంట్లో పోయిన వారం నుంచి ఇదే గొడవ. అన్నదమ్ములం ముగ్గురం, ఇద్దరం హైదరాబాద్‌లో, పెద్దన్న బెంగళూరులో. ఈసారి అమ్మానాన్నల్నే ఇక్కడికి పిలిపిద్దాం అంటది మా ఆవిడ, సింహపురి ఎక్స్‌ప్రెస్ రైల్లో చూస్తే అంతా వెయిటింగ్ లిస్టు. నాన్నేమో మన పాలెం గుడి మీద ప్రతి ఏడూ స్టార్ కట్టేది నేను, నేను రానంటాడు. నాకైతే పోవాలనే ఉంది. చిన్నప్పుడు వెదురు బద్దలు చీల్చి, రంగు కాయితాలు మైదా జిగురుతో అంటించి స్టార్ చేసేవాళ్ళం, 24 రాత్రి పెట్రోమాక్స్ లైటు పట్టుకోని ఇంటింటికీ పాటలు పాడుకుంటా పొయ్యేవాళ్ళం, ఒక ఇంట్లో టీ ఇస్తే ఇంకో ఇంట్లో అరిసె పెట్టేవాళ్ళు. మా పిల్లలకి క్రిస్మస్ అంటే మాల్‌లో చెట్టు ముందు ఫొటో, అంతే. మీరేమంటారు?

కావలి కోడలు:
అన్నా తప్పుగా అనుకోబాకండి. స్టార్ గురించి చెప్పారు, పాటలు చెప్పారు, ఆ రోజు వంట ఎవరు చేశారో చెప్పలా. నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు, అత్తగారి ఊర్లో ఏ క్రిస్మస్‌కీ వాక్యం మొదట్నుంచి చివరిదాకా విన్లా. ఇరవై మందికి వంట, తెల్లారి నాలుగింటికే పొయ్యి ముట్టియ్యాల. గుడి మైకులో పాట వినపడతా ఉంటది, నేను ఎర్రగడ్డలు కోస్తా ఉంటా. పోయినేడు పిల్లకి జొరమొచ్చి చెన్నైలోనే ఉండిపోయాం. పక్క వీధిలో చిన్న చర్చి, ఒక్క మొహం తెలీదు, కానీ పిల్లని ఒళ్ళో పెట్టుకోని ఆరాధన మొత్తం కూర్చున్నా, ఏడుపొచ్చింది నాకు. అది పండగ కాదంటే నేను ఒప్పుకోను.

ఒంగోలు మాస్టారు:
నీ బాధ నిజమేనమ్మా. కానీ ఊరు అంత తేలిగ్గా వదిలేసేది కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టుకి తీసుకోని మనోళ్ళకి కూలి ఇప్పించాడు, తిండి కోసం క్రైస్తవంలో కలిశారనే మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళు ఒంటరిగా రాలా, చుట్టాలు చుట్టాల్ని వెంటబెట్టుకోని పాలేలకి పాలేలే కదిలొచ్చినయ్యి. మన విశ్వాసమే బంధువుల్తో మొదలయింది. అసలు లూకా రెండో అధ్యాయంలో యోసేపు మాత్రం ఏం చేశాడు, పేరు రాయించుకోటానికి నిండు గర్భిణిని తీసుకోని తన వంశం ఊరికే పొయ్యాడు గదా.

కావలి కోడలు:
మాస్టారూ, అదే అధ్యాయంలో సత్రంలో స్థలం లేక బిడ్డని పశువుల తొట్టిలో పడుకోబెట్టిందని కూడా ఉంది. ఊరికి పోయినా ఆ తల్లికి చోటు దొరకలా.

ఒంగోలు మాస్టారు:
ఇన్నేళ్ళు చదివా ఆ వాక్యం, ఇట్టా ఎప్పుడూ ఆలోచించలేదమ్మా.

పొదిలి పిలగాడు:
నేను కువైట్‌లో ఉండా. 25న ఇక్కడ సెలవుండదు, డ్యూటీకి పోవాల. మా అమ్మ ఫోను గుడిలో బెంచీకి ఆనించి పెడతది, సిగ్నల్ పోతే మళ్ళీ కలుపుతది, అట్టా ఆరేళ్ళు. టికెట్టు లేదని ఆగబాక అన్నా, బస్సుకైనా పో.

కందుకూరోడు:
రాత్రి అమ్మకి ఫోన్ చేసి అడిగా, క్రిస్మస్ ఆరాధనలో మొత్తం కూర్చోని ఎన్నేళ్ళయిందమ్మా అని. కాసేపు ఏం మాట్లాడలా, మీ పెద్దన్న పుట్టకముందు అనింది. అన్నకి నలభై రెండేళ్ళు. బస్సుకే పోతున్నాం. వంటమాస్టర్ని మాట్లాడమని చెప్తే నాన్న ఒప్పుకోలా, మాంసం కూర మీ అమ్మ చేస్తేనే అన్నాడు. అమ్మే ఫోను లాక్కోని, కూర ఎవరైనా చెయ్యనీ, ఈ ఏడు నేను ముందు వరసలో కూర్చుంటా అనింది.