జపాన్‌లో పాత బిజినెస్ హోటల్: మోకాళ్ల నొప్పులున్న అమ్మకి కుదురుతుందా?

నవంబర్‌లో అమ్మానాన్నలతో ఒసాకా వెళ్తున్నాం. షిన్-ఒసాకా స్టేషన్‌కి దగ్గర్లోనే ఒక పాత బిజినెస్ హోటల్ మా బడ్జెట్‌లో దొరికింది, షింకన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్) అక్కడే ఎక్కొచ్చు కాబట్టి వదులుకోవాలని లేదు. కానీ ఫొటోలు చూసినప్పటి నుంచి అమ్మ గురించే టెన్షన్. బాత్రూమ్ అంటే టాయిలెట్, వాష్‌బేసిన్, టబ్ అన్నీ ఒకే ప్లాస్టిక్ గదిలో ఇరికించిన యూనిట్ బాత్. గుమ్మం దగ్గరే ఒక మెట్టంత ఎత్తు ఎక్కాలి, ఆపైన టబ్ అంచు దాటి లోపలికి దిగితే గానీ షవర్ కింద నిలబడలేం. అమ్మకి రెండు మోకాళ్లూ నొప్పే.

పెద్దవాళ్లతో ఇలాంటి చోట ఉన్నవాళ్లు ఎలా సర్దుకున్నారు? గోడకి పట్టుకునే కమ్మీ ఉంటుందా, కూర్చుని స్నానం చేయడానికి చిన్న స్టూల్ అడిగితే ఇస్తారా?

ఇంకోటి, నాన్నకి ఆస్తమా. నో స్మోకింగ్ గదులు అయిపోయాయి. స్మోకింగ్ గదిలో వాసన తీసే స్ప్రే కొడితే నిజంగా పోతుందా, లేక కర్టెన్లకి పట్టేసి ఉంటుందా?

తిండికి పెద్ద ఇబ్బంది లేదు. అక్కడ కరెంటు 100 వోల్టులే కాబట్టి మన రైస్ కుక్కర్ తీసుకెళ్లడం దండగ, గదిలో కెటిల్ ఉంది, వేడినీళ్లు పోసుకుని తినే ఉప్మా, పోహా ప్యాకెట్లు పట్టుకెళ్తాం.

పాత బిల్డింగుల్లో ఏసీ హోటల్ మొత్తానికీ కలిపి ఉంటుందట, సీజన్‌ని బట్టి చల్లగాలో వేడిగాలో ఒకటే వస్తుందట. నవంబర్‌లో వెళ్లినవాళ్లకి ఏది వచ్చింది? ఇంకాస్త డబ్బు పెట్టి కొత్త హోటల్ చూసుకోమంటారా? ఈ వారంలోనే బుక్ చేయాలి, దయచేసి చెప్పండి.