సమస్య: "రాని రైలు మనకు రాజ్యమిచ్చె"

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం పాదం నేను కుదురుగా కూర్చుని అల్లినది కాదు, తిరుపతి స్టేషనులో బెంచీ మీద దొరికింది. విజయవాడ వెళ్లవలసిన మా బండి వానల వల్ల రద్దయిందని చెప్పిన తరువాత, పెట్టెలు మోసుకుని ఆటోలో ఇంటికి తిరిగివచ్చి, రైల్లో తినాలని కట్టుకున్న పులిహోర పొట్లం వసారాలోనే విప్పుకున్నాము. మనవలు అప్పటికే సుద్దముక్కతో నేల మీద పులిజూదం గీసి ఉంచారు. 2021 నవంబరులో ఇంతకంటే పెద్ద వాన వచ్చి తిరుమల రెండు ఘాట్ రోడ్లూ మూసివేసినప్పుడు, నందలూరు–రాజంపేట మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయినప్పుడు మనలో చాలామంది ఇళ్లలో చిక్కుకున్నవారే కాబట్టి అనుభవానికి కొరత ఉండదు. ఈ పాదం చివర వచ్చేలా పై మూడు పాదాలు అల్లి పూరణలు పంపండి.

రాని రైలు మనకు రాజ్యమిచ్చె

చంద్రగిరి బాటసారి:
మొదటి పూరణ నాదే కావాలన్న తొందరలో పంపుతున్నాను. పెద్దలు మన్నించాలి.

వాన మూసె దారి, వసతిగా నింటనే
పులియు మేక లాడి పొద్దు గడిపి
శనగకాయ లుడక చేటలో రాశియై
రాని రైలు మనకు రాజ్యమిచ్చె

పుత్తూరు పంతులు:
బాటసారి గారి తొందర మూడో పాదంలో బయటపడింది. యతి అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో హల్లూ అచ్చూ కలిసే జత అక్షరం రావడం కదా, "శ"కు "చే" ఎలా కుదిరిందో వారే సెలవివ్వాలి. హల్లులకు మైత్రి ఉన్నది, నేను కాదనను. అచ్చుల మాట ఏమిటి? నిరుడు వినాయక చవితి సమస్యలో "కుడుము"కు "గారె"ను జతచేసి, అది అచ్చుతప్పని మనందరినీ నమ్మించబోయినది కూడా వీరే. తినే వస్తువు కనబడగానే వారికి యతి గుర్తుండదు కాబోలు.

రెండో పాదం మాత్రం బాగున్నది. అయితే అక్కడ చేతికి దొరికిన చమత్కారాన్ని వదిలేశారు. 3 పులులను 15 మేకలు కలిసి ఎటూ కదలనీయకుండా కట్టివేసే ఆట అది. రైలు కదలని రోజున పులి కూడా కదలలేదని ఒక్క మాట అని ఉంటే, పొద్దు గడపడం అనే చప్పని ముక్క అవసరమే ఉండేది కాదు.

చంద్రగిరి బాటసారి:
తప్పు ఒప్పుకుంటున్నాను. పత్రికల్లో చూసి చూసి "శనగ" అనే రాత చేతికి అలవాటైంది. మా ఇంట్లో మేము చెనక్కాయ అనే అంటాము గాని, ఆ మాటలో రెండో అక్షరమే గురువై, అంటే బరువు అక్షరమై, గణాన్ని (అక్షరాల కొలతను) విరిచేస్తుంది. కాబట్టి "శెనగకాయ లుడక చేటలో రాశియై" అని సవరిస్తున్నాను. మా వైపు నోటి మాట ఒక్కోసారి పత్రిక రాత కంటే ఛందస్సుకు దగ్గరగా ఉంటుందని పంతులు గారు గమనించాలి. కుడుముల సంగతి అప్పుడే సవరించాను, అది మాత్రం వారికి గుర్తుండదు.

నిర్వాహకుడు:
సవరణ అంగీకరించాను. ఉడికిన కాయలను చేటలో పోసి, ఆవిరి పోకముందే చేతులు కాల్చుకుంటూ ఒలుచుకోవడం మూడు మాటల్లో కనబడింది. పంతులు గారూ, ఇతరుల పద్యాలు తూచింది చాలు, మీ పూరణ ఏది?

పుత్తూరు పంతులు:
అడిగారు కాబట్టి పంపుతున్నాను. నాలుగో పాదాన్ని విరిచి చదువుకోవాలి.

పిల్ల లిల్లు దోచి పీఠ మెక్కిరి నేడు
దిండ్లు కోటగోడ, తెడ్డు కత్తి
తాత గారి కుర్చి దర్బారు గద్దెగా
రాని రైలు మన కురాజ్యమిచ్చె

నిర్వాహకుడు:
శభాష్. ఒక్క అక్షరం కూడా మార్చకుండా, నేను ఇచ్చిన రాజ్యాన్ని కురాజ్యం చేశారు. సెలవు లేని తల్లి ఇంట్లో నాలుగు రోజులు పిల్లలు ఏలితే ఏమవుతుందో తెలిసినవారికి ఈ విరుపులోని నిజం ఇంకా బాగా తెలుస్తుంది. "తెడ్డు కత్తి" అనే రెండు మాటల్లో వంటిల్లు కూడా లొంగిపోయిందని అర్థమైంది.

చంద్రగిరి బాటసారి:
విరుపు బాగున్నదని నేనూ ఒప్పుకుంటాను గాని, అది కొత్తది కాదు. పోయిన సంక్రాంతికి "వానకు రాజు"ను "వాన కురాజు" అని విరిచినది ఈయనే. పాదంలో "కు" కనబడితే పంతులు గారి చేయి ఊరుకోదు, దాన్ని పక్క మాటకు అంటించే దాకా నిద్రపోరు. పైగా మొదటి పాదంలో పీఠమెక్కిన పిల్లలు మూడో పాదంలో మళ్లీ గద్దె ఎందుకు ఎక్కారు? కుర్చీని "కుర్చి" చేసినందుకు నేను ఏమీ అనను, ఎందుకంటే నేనూ అవసరపడితే చేస్తాను.

పుత్తూరు పంతులు:
పీఠం అధికారం, గద్దె ఆసనం. రెండూ ఒకటే అనుకునేవారితో వాదించలేను.

కుప్పం కోకిల:
అయ్యలిద్దరూ కుర్చీ దగ్గర తేల్చుకుంటూ ఉండగా నా పూరణ కూడా ఒకటి చూడండి. నా పద్యంలో రైలు ఇచ్చేది కాదు, ఇవ్వబడేది.

అటక వెదకి తీసి యందరు చూడగ
చక్రములకు నూనె చాల పోసి
పక్కయింటి యత్త పాపలు నవ్వగా
రాని రైలు మనకు రాజ్యమిచ్చె

నిర్వాహకుడు:
మొదటిసారి చదివి, ఇందులో ఏమున్నదని కిందికి దిగిపోయాను. రెండోసారి చదివినప్పుడు నవ్వు ఆగలేదు. రాజ్యం అంటే పక్కింటి అత్త పేరు! రాజ్యలక్ష్మిని రాజ్యం అని పిలిచే ఇళ్లు మన జిల్లాలో ఇప్పటికీ ఎన్ని లేవు? "రాని రైలు" అంటే ఎంత నూనె పోసినా కదలని బొమ్మ. జడవాచకానికి ద్వితీయ అర్థంలో ప్రథమ రావడం, అంటే "రైలును" అనవలసిన చోట "రైలు" అనడం, బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఒప్పుకున్నదే కాబట్టి వ్యాకరణం వైపు నుంచి కూడా ఎవరూ వేలెత్తలేరు. నేను కర్తగా నిలబెట్టిన రైలును కర్మను చేసి, నేను కర్మ అనుకున్న రాజ్యం చేత దాన్ని ఇప్పించడం మామూలు తెలివి కాదు. పంతులు గారు పదాన్ని విరిచారు, కోకిల గారు ఏమీ విరవకుండానే వాక్యాన్ని తలకిందులు చేశారు.

పుత్తూరు పంతులు:
తెలివి ఉన్నది, కాదనను. కాని పెద్దావిడను, అందులోనూ వరుసకు అత్తను, "ఇచ్చె" అని ఏకవచనంలో అనడం మర్యాదేనా?

కుప్పం కోకిల:
మా వైపు అత్త ఎప్పుడూ "ఇచ్చింది" అండీ. "ఇచ్చారు" అంటే ఆమె కోపమొచ్చిందా అని అడుగుతుంది.

చంద్రగిరి బాటసారి:
ఈ వారం నా ఓటు కోకిల గారికే. పంతులు గారికి "కు" దొరకని పాదం ఒకటి వచ్చే వారం ఇవ్వవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను.

రేణిగుంట ఇల్లాలు:
నేను ఇక్కడ చదవడమే గాని రాసింది తక్కువ. మా ఆయన రైలు నడుపుతారు. 2021లో కార్తీక పౌర్ణమి నవంబరు 19న వచ్చింది. ఆ రోజు ఆయన ఎక్కవలసిన బండి రద్దయి, పెళ్లయిన తరువాత మొదటిసారి ఒక పండుగ పూట పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంట్లోనే ఉన్నారు. బయట వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు, లోపల ఆయన వంట. తప్పులుంటే చెప్పండి.

బండి నడుపు మగడు పండుగ నాడింట
కూరలోన నుప్పు కొసరి వేసి
పాప జడల చిక్కు బాపుచు కూర్చుండ
రాని రైలు మనకు రాజ్యమిచ్చె

నిర్వాహకుడు:
అమ్మా, పాదం ఇచ్చినప్పుడు నాకు ప్రయాణికుడే గుర్తున్నాడు, బండి నడిపేవాడి ఇల్లు గుర్తురాలేదు. మిగిలిన పూరణలన్నీ రైలు రాకపోయినా కాలక్షేపం దొరికిందన్నాయి. మీ ఇంట్లో రైలు రాకపోవడమే పండుగ. ఇందులో విరుపు లేదు, శ్లేష లేదు, పాదానికి ఉన్న అర్థం ఉన్నట్టే ఉన్నది. జడ చిక్కు తీస్తూ కూర్చున్న మనిషిని చూసిన తరువాత చమత్కారం కావాలని నాకైతే అనిపించలేదు.

పుత్తూరు పంతులు:
తప్పు పట్టాలనే ఉద్దేశంతోనే మూడుసార్లు గణాలు లెక్కపెట్టాను, అన్నీ కుదిరాయి. "బ"కు "ప", "కూ"కు "కొ", "పా"కు "బా" సరిగ్గానే ఉన్నాయి. కూరలో ఉప్పు ఎక్కువైనట్టు అనుమానం, అది ఛందస్సు పరిధిలోకి రాదు.

రేణిగుంట ఇల్లాలు:
ఎక్కువైన మాట నిజమేనండీ. మజ్జిగ పోసుకుని తిన్నాము.