‘ఓవర్‌అచీవర్’ అంటే పొగడ్తేనా? రెజ్యూమేలో రాసుకోవచ్చా?

పూర్ణామార్కెట్ బీట్:
అందరికీ నమస్కారం. నేను బిస్కెట్ల కంపెనీలో సేల్స్ ఆఫీసర్‌ని. పూర్ణామార్కెట్, బురుజుపేట, వన్‌టౌన్ నా బీట్. మార్గశిరంలో గురువారాలు కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి జనం ఎలా వస్తారో వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. మొన్న ఆ నెలంతా ప్రతి బుధవారం పొద్దుపోయేదాకా కొట్లు తిరిగి, పిల్లల కోసం కొనే చిన్న ప్యాకెట్లు అదనంగా దింపించాను. టార్గెట్ 8 లక్షలు, చేసింది 9 లక్షల 60 వేలు. మేనేజర్ గారు గ్రూపులో నా పేరు పక్కన ‘ఓవర్‌అచీవర్’ అని పెట్టారు.

ఇంటికెళ్లి చూపిస్తే నాన్న ముఖం వాడిపోయింది. “ఓవర్ అంటున్నారేంటమ్మా, ఎవరితోనైనా మాటా మాటా అనుకున్నావా?” అన్నారు. ఆయన తప్పేం లేదు. మన దగ్గర ‘ఓవర్ చేయకు’ అంటే తిట్టే కదా.

ఇప్పుడు వేరే కంపెనీకి రెజ్యూమే రాస్తున్నాను. ‘ఐ ఓవర్‌అచీవ్డ్ ది టార్గెట్’ అని రాస్తే, ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పే సార్ ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘ఎక్సీడెడ్’ అని రాశారు. ఎందుకో అడిగేలోపు తర్వాతి బ్యాచ్ వచ్చేసింది. శనివారం ఇంటర్వ్యూ, టెన్షన్‌గా ఉంది. ఏది రాయమంటారు?

పెందుర్తి మాస్టారు:
ముందుగా మీ నాన్నగారికి చెప్పమ్మా, అది తిట్టు కాదు. మేనేజర్ మెచ్చుకునే రాశారు. అయినా ఆయనకి కలిగిన అనుమానంలో కొంత నిజం ఉంది.

‘ఓవర్‌అచీవర్’ అనే మాట 1950లలో చదువుల సైకాలజీ నుంచి వాడుకలోకి వచ్చింది. తెలివితేటల పరీక్షలో వచ్చిన స్కోరు చూసి, ఈ పిల్లవాడు ఇంతవరకే చదవగలడని ఒక అంచనా వేస్తారు. వాడు అంతకు మించి మార్కులు తెచ్చుకుంటే ఓవర్‌అచీవర్, తగ్గితే అండర్‌అచీవర్. అంటే ‘నీ దగ్గర ఇంత ఉందనుకోలేదు’ అన్న అర్థం ఆ మాటలో దాగి ఉంది. ఊపిరి సలపకుండా పనిమీదే పడి ఉండేవాళ్లని కూడా ఇవాళ అలాగే అంటున్నారు.

నాకు ఆ మాటంటే మొదటినుంచీ ఇష్టం లేదు. జాలరిపేట నుంచి ఒక కుర్రాడు మా బడికి వచ్చేవాడు. తెల్లవారుజామున తండ్రితో వలలు సర్ది, తడి చేతులతోనే క్లాసుకి వచ్చి కూర్చునేవాడు. పదో తరగతిలో లెక్కల్లో వాడిదే మొదటి మార్కు. స్టాఫ్ రూములో ఒకరు ‘ఓవర్‌అచీవర్’ అన్నారు. తప్పింది మన అంచనా గానీ వాడు కాదని ఆరోజే చెప్పాను. ఇప్పుడైనా అదే చెబుతాను.

ఇక వ్యాకరణం. ‘ఓవర్‌అచీవ్’ సాధారణంగా కర్మ లేకుండా ఒంటరిగా నిలబడే క్రియ. దాని పక్కన టార్గెట్ పెట్టడం సేల్స్ వాళ్ల వాడుక. అందుకే మీ సార్ కొట్టేసి ఉంటారు. ‘ఎక్సీడ్’ అయితే దేన్ని దాటావో చెప్పి తీరాలి. నీకు కావలసింది అదే.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్:
మాస్టారు చెప్పింది సరైనదే. మా వైపు నుంచి ఒక మాట. మా ప్లాంట్‌ని 1992లో జాతికి అంకితం చేసినప్పుడు కెపాసిటీ ఏడాదికి 30 లక్షల టన్నులు. 2000 తర్వాత ఆ గీత దాటి ఉక్కు తీశాం. నేను ఎస్‌ఎంఎస్‌లో, అంటే ఉక్కు కరిగించే స్టీల్ మెల్ట్ షాపులో ఉండేవాణ్ని. షిఫ్టు దిగేటప్పుడు మా చూపు ముందు బోర్డు మీదికే పోయేది: ప్లాన్ ఎన్ని హీట్లు (ఒక్కో విడతలో తీసే కరిగిన ఉక్కు), తీసినవి ఎన్ని. ప్లాన్ ఎక్సీడ్ అయిందంటే క్యాంటీన్ టీ కూడా వేరే రుచిగా ఉండేది. అదే టెంపరేచర్ ఎక్సీడ్ అయిందంటే అందరం పరుగే. మాట ఒకటే, దాని ముందు ఏముందో చూసుకోవాలమ్మా. తెలుగులో మనం దీన్ని విడదీసుకున్నాం. టార్గెట్‌ని దాటతాం, రూల్‌ని అతిక్రమిస్తాం.

ఎంవీపీ హెచ్‌ఆర్:
రెజ్యూమేలు చూసే పని నాది. ‘ఓవర్‌అచీవర్’ అని ఎవరికి వాళ్లు రాసుకుంటే నేను ఆగను, కింది లైనుకి వెళ్లిపోతాను. అది ఇంకొకరు అనాల్సిన మాట. ‘అవుట్‌పెర్ఫార్మ్’ రాయాలంటే ఎవరికన్నా బాగా చేశారో చూపించాలి, మీ దగ్గర పక్క బీట్ లెక్కలు ఉండవు కదా. అంకె రాయండి, నెల రాయండి. బుధవారం సాయంత్రాల సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి. ఇంటర్వ్యూలో నేనైతే అదే అడుగుతాను.

పూర్ణామార్కెట్ బీట్:
అందరికీ చాలా థ్యాంక్స్. లైను ఇలా మార్చాను: ‘మార్గశిరం నెలలో 8 లక్షల టార్గెట్‌ని 20 శాతం ఎక్సీడ్ చేశాను, గుడి రద్దీకి ఒకరోజు ముందే కొట్లలో సరుకు నింపాను.’ ఇంగ్లిష్‌లో రాసుకుని సార్‌కి చూపిస్తే ఈసారి ఎర్ర పెన్ను బయటికి తీయలేదు. మాస్టారూ, జాలరిపేట అబ్బాయి గురించి మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. ఆయన పోర్టులో చేసి రిటైరయ్యారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, గ్రూపులో మేనేజర్ పెట్టిన మెసేజ్ ఇంకోసారి చూపించమన్నారు.