అప్‌డేట్: సంతోషం కూడా ప్రత్యక్షమేనా?

"బతుకమ్మను కంటితో చూస్తాం సరే, లోపలి సంతోషం దేనితో తెలుస్తుంది?" అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే హనుమకొండలో ఒక పెద్దాయన దగ్గర తర్కసంగ్రహం అనే న్యాయదర్శనపు తొలి పాఠ్యపుస్తకం ప్రత్యక్షం (అంటే నేరుగా కలిగే జ్ఞానం) భాగం వరకు చదివాను.

న్యాయదర్శనం ప్రకారం కన్ను, చెవిలాగే మనసూ ఇంద్రియమే. సుఖదుఃఖాలు తెలిసేది దానితోనే. పైగా అది అణువంత, ఒకసారి ఒక్క ఇంద్రియంతోనే కలుస్తుందట. ఇది మాత్రం భలే నచ్చింది. కాజీపేట జంక్షన్‌లో అమ్మ రిపోర్టుల టెన్షన్‌తో కూర్చుంటే, నెత్తిమీదే మైకు మోగుతున్నా ప్లాట్‌ఫాం మారిన సంగతి చెవికెక్కలేదు. పక్కాయన "తమ్మీ, నీ బండి అటొచ్చింది" అని భుజం తట్టాడు.

వేదాంతపరిభాష అనే అద్వైత గ్రంథంలో ధర్మరాజాధ్వరీంద్రుడు మాత్రం మనసు ఇంద్రియమే కాదంటాడు, సుఖం సాక్షికి, అంటే లోపల అన్నిటినీ చూస్తుండే చైతన్యానికి, నేరుగా తెలుస్తుందట. నా ఓటు ఈయనకే. మధ్యలో మనసనే పనిముట్టు ఉంటే "పన్ను నొప్పి ఉంది గానీ నాకింకా తెలియలేదు" అనడం కుదరాలి. అలా ఎవరంటారు?

జవాబుల్లో ఒకరు జర్మన్ తత్వవేత్త కాంట్ పేరెత్తారు. ఆయన 1781 నాటి పుస్తకంలో బయటి ఇంద్రియానికి దేశం (అంటే స్థలం, space), లోపలిదానికి కాలం రూపాలు, అంటే మనకు ఏది తెలిసినా ఆ చట్రాల్లోనే తెలుస్తుంది. లోపలికి చూసుకున్నా మనం మనకు కనిపించినట్టే తెలుస్తాం, ఉన్నట్టు కాదు. ఇది ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉంది.

బౌద్ధుల్లో దిఙ్నాగుడి స్వసంవేదన (జ్ఞానం తనను తానే తెలుసుకోవడం) ఇంకా మిగిలింది. దానికి వేరే పోస్టు పెడతాను.