బెటాలియన్ డైరీల్లో 'వేస్టేజ్': తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఒక బ్రిటిష్ పదాతి బెటాలియన్ గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో 'వేస్టేజ్' అనే మాట పదే పదే వస్తోంది. దాడులు లేని రోజుల్లో కూడా మనుషులు తగ్గిపోవడాన్ని అలా అంటున్నారు. 'వృథా' అంటే సరిపోతుందా? 'ప్రాణనష్టం' నయమా?

జవాబు: 'వృథా' వద్దండి. వృథా అంటే అనవసరంగా పోయిందని తీర్పు చెప్పినట్టు. ఆనాటి సైనిక కాగితాలు రాసిన అధికారులు అలాంటి తీర్పేమీ చెప్పలేదు, వాళ్లకది లెక్క. పూర్తి బలంతో ఉన్న బెటాలియన్ అంటే సుమారు 1,000 మంది, అందులో 30 మంది ఆఫీసర్లు. ఏ దాడీ జరగకపోయినా నెల తిరిగేసరికి ఇంతమంది తగ్గుతారు, కాబట్టి ఇంతమందిని భర్తీకి పంపాలి అని ముందే అంచనా వేసుకునేవాళ్లు. ఆ తగ్గుదల పేరు వేస్టేజ్.

దీనికి మన దగ్గర అచ్చంగా సరిపోయే మాట 'తరుగు'. బంగారం కొట్టు బిల్లులో మజూరీ పక్కన ఉండేది, ధాన్యం కొనుగోలు కేంద్రంలో క్వింటాలుకు ఇన్ని కిలోలని కోసేది. నగల కొట్లలో దాన్ని 'వేస్టేజ్' అనే అంటున్నారు కూడా. మనుషుల గురించి ఆ మాట చదివితే మనసు చివుక్కుమంటుంది. ఇంగ్లీషులో చదివినా అంతే. ఆ బాధను అనువాదంలో తుడిచేయకూడదని నా గట్టి అభిప్రాయం. 'అమరులయ్యారు', 'వీరమరణం పొందారు' లాంటివి అసలే వద్దు. కందకంలో జ్వరమొచ్చి ఆస్పత్రికి వెళ్లిన కుర్రాడికి అవి ఎలా అతుకుతాయి?

'ప్రాణనష్టం' కూడా కుదరదు, ఎందుకంటే తరుగులో చనిపోయినవాళ్లు కొంతమందే. కందకంలో ఒక మామూలు రోజు చూడండి. తెల్లవారకముందే అందరూ బాయినెట్లు బిగించి నిలబడాలి, శత్రువు దాడి చేసే వేళ అది. పొద్దుగూకేటప్పుడు మళ్లీ అదే. మధ్యలో తుపాకులు తుడుచుకోవడం, టీ, బేకన్, డబ్బా మాంసం, రాయిలాంటి బిస్కెట్టు, దొరికినంత నిద్ర. రోజుల తరబడి తడి బూట్లలో ఉంటే పాదాలు చచ్చుబడి కుళ్లేవి, అందుకని తిమింగలం నూనెతో కాళ్లు రుద్దుకోమని ఆజ్ఞ. అసలు పని రాత్రి మొదలయ్యేది: ముళ్లకంచె బాగుచేయడం, ఇసుక సంచులు నింపడం, వెనక నుంచి తిండి, నీళ్లు మోసుకురావడం. ఆ మోతలో ఎక్కడినుంచో వచ్చిన తూటా ఒకరికి తగిలేది. పగలు తల ఎత్తితే స్నైపర్. పేల వల్ల ట్రెంచ్ ఫీవర్ అనే జ్వరం. ఇలా ఒక్కొక్కరే తగ్గేవాళ్లు. కొన్ని రోజులు ముందు వరసలో, కొన్ని రోజులు వెనక, మళ్లీ ముందుకు. ఇదంతా తరుగే.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. రాయల్ ఇన్నిస్కిల్లింగ్ ఫ్యుజిలియర్స్ అనే ఐరిష్ రెజిమెంటు 1వ బెటాలియన్ 1914 ఆగస్టులో ఎక్కడుందో తెలుసా? మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో! అక్కడినుంచి 1915 జనవరిలో ఇంగ్లండ్ చేరి, ఏప్రిల్ 25న టర్కీలోని గల్లిపోలి ద్వీపకల్పం చివర హెలెస్ దగ్గర దిగింది. ఆ వేసవి అక్కడ ఈగలు, రక్తవిరేచనాలు. ఆ పోరులో జబ్బుపడి ఓడ ఎక్కినవాళ్లు వేలకు వేలు. జులై 1, 2 తేదీల్లో ఈ బెటాలియన్‌కు చెందిన కెప్టెన్ జెరాల్డ్ ఓసల్లివాన్, సార్జెంట్ జేమ్స్ సోమర్స్ బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ సంపాదించారు. ఆగస్టు 21న గల్లిపోలిలోనే సిమిటార్ కొండ శిఖరాన్ని ఈ బెటాలియన్ పట్టుకుంది, నిలుపుకోలేకపోయింది. ఓసల్లివాన్ ఆ రోజే చనిపోయాడు. సోమర్స్ 1918లో ఇంటి దగ్గర పోయాడు.

మరో సంగతి. బెటాలియన్ డైరీల్లో ఆఫీసరు పోతే సాధారణంగా పేరు రాస్తారు. సిపాయి పోతే 'ఓ.ఆర్.' అని, పక్కన ఒక అంకె. అదర్ ర్యాంక్స్ అన్నమాట. 'ప్రశాంతంగా గడిచింది, ఇద్దరు ఓ.ఆర్. మృతి' అనే తీరులో ఉంటాయి వాక్యాలు. దాన్ని 'ఇద్దరు జవాన్లు' అని రాయడం నాకు నచ్చదు. జవాను అనగానే మనకు గౌరవం ధ్వనిస్తుంది, అక్కడ ఆ ధ్వని లేదు. 'మిగతా ర్యాంకులవాళ్లు ఇద్దరు' అనండి. అంకెను అంకెలాగే ఉంచండి.

ప్రశ్న: చాలా బాగా చెప్పారండి. మరి ఫ్రాన్స్‌లో 1916లో జరిగిన సోమ్ యుద్ధం మొదటి రోజు నష్టాన్ని కూడా తరుగు అనొచ్చా? అక్కడ 'క్యాజువల్టీస్' అని ఉంది.

జవాబు: అనకండి. తరుగు రోజువారీది. ఒక్క పొద్దులో బెటాలియన్ కుప్పకూలితే అది వేరే లెక్క. ఇదే ఇన్నిస్కిల్లింగ్ బెటాలియన్ ఆ మొదటి రోజు, 1916 జులై 1న ఉదయం 7:30కి బోమాంట్ హామెల్ దగ్గర కందకాల్లోంచి పైకి లేచి మెషీన్ గన్లకు ఎదురు నడిచింది. దాని కమాండింగ్ ఆఫీసరే చనిపోయాడు.

'క్యాజువల్టీస్' విషయంలో మన పత్రికలు తరచూ పొరబడతాయి. అది మృతుల సంఖ్య కాదు. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు, బందీలు అందరూ కలిపి. ఆ రోజు బ్రిటిష్ సైన్యం లెక్క 57,470, అందులో మృతులు 19,240. మొదటి అంకె పక్కన 'మంది మరణించారు' అని రాస్తే దాదాపు మూడింతలు చంపినట్టవుతుంది. ఒక్క మాటలో ఇరికించడానికి ప్రయత్నించకండి, 'మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కలిపి' అని విడమర్చండి. గల్లంతు చిన్న విషయం కాదు. సోమ్ ప్రాంతంలో సమాధి తెలియకుండా పోయిన 72,000 మందికి పైగా పేర్లు థియెప్వాల్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి. డైరీలో అంకెలుగా మిగిలిన ఓ.ఆర్.లకు అక్కడ పేర్లున్నాయి.

ప్రశ్న: ఇంకొక్కటి. భోజనం దగ్గర 'డిక్సీ' అని వచ్చింది. పాత్రేనా?

జవాబు: పాత్రే. కూర, టీ కాచి కందకాలకు మోసుకెళ్లే పెద్ద ఇనప గిన్నె. హిందుస్తానీ 'దేగ్చీ' నుంచి బ్రిటిష్ సిపాయిలు ఇక్కడి కంటోన్మెంట్లలో నేర్చుకున్న మాట. మీరు నిశ్చింతగా 'డేగిసా' అని రాసేయండి.